సాయంత్రం మోటారు వేస్తే ఇన్వర్టర్ ఎందుకు ఆగుతుంది? – సోలార్ ఇళ్ల పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బెంగళూరు చుట్టుపక్కల తోటల్లో, కొత్త లేఅవుట్ల అంచుల్లో విద్యుత్ లైను లేకుండా సూర్యశక్తి మీదనే ఇల్లు నడుపుకుంటున్న తెలుగువారి నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అన్నీ ఇన్వర్టర్ గురించే ఉన్నాయి. మొదటి ఉత్తరం అందరికీ పనికివస్తుందని దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: అయ్యా, మేము హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవాళ్లం. ఉద్యోగ విరమణ తరువాత కనకపుర రోడ్డుకు లోపలగా ఒక ఎకరం తోటలో చిన్న ఇల్లు కట్టుకున్నాము. విద్యుత్ స్తంభం చాలా దూరం కనుక 5 కేవీఏ, 48 వోల్టుల ఇన్వర్టర్, నాలుగు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు, ఆరు 540 వాట్ల ప్యానెళ్లు పెట్టించాము. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఏడాదిగా 1 హెచ్‌పీ బోరు మోటారు మధ్యాహ్నం చక్కగా తిరుగుతోంది కానీ, సాయంత్రం ఆరు దాటాక మోటారు వేయగానే ఇల్లంతా చీకటై ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతోంది. అమ్మినవారు ఇన్వర్టర్ పాడైందంటే కొత్తది కొన్నాము. అదీ అలాగే చేస్తోంది. ఇప్పుడు 10 కేవీఏది కొనమంటున్నారు. బ్యాటరీలు వరండాలోనూ, ఇన్వర్టర్ లోపలి గదిలోనూ ఉన్నాయి. మధ్య నాలుగు మీటర్ల తీగ ఉంది. ఏమి చేయమంటారు?

జవాబు: 10 కేవీఏ ఇన్వర్టర్ కొనవద్దు. మొదటి ఇన్వర్టర్ కూడా పాడై ఉండకపోవచ్చు. దానిని అమ్మేయకుండా ఉంటే భద్రంగా ఉంచండి. అదే మోటారు, అదే ఇన్వర్టర్ పగలు పనిచేసి పొద్దు గూకాక ఆగుతున్నాయంటే, లోపం ఆ రెండింటిలో కాక, పగలు అవసరం పడనిదీ రాత్రి తప్పనిసరైనదీ అయిన భాగంలో, అంటే బ్యాటరీలోనో, బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ వరకు వచ్చే తీగలోనో, ఆ తీగ బిగింపుల్లోనో ఉండాలి. మధ్యాహ్నం మోటారుకు కావలసిన కరెంటులో పెద్ద భాగం ప్యానెళ్ల నుంచి వస్తుంది, పైగా చార్జింగు మీద ఉన్న బ్యాటరీ 54 వోల్టులకు పైనే ఉంటుంది కనుక ఆ లోపం బయటపడదు.

సాయంత్రం జరిగేదాన్ని లెక్కలో చూడండి. 1 హెచ్‌పీ బోరు మోటారు తిరుగుతున్నప్పుడు సుమారు 1,100 వాట్లు తీసుకుంటుంది, కానీ ఆగి ఉన్న మోటారు కదలడానికి ఆ తొలి క్షణంలో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. బ్యాటరీ వైపు నుంచి చూస్తే అది 150 ఆంపియర్ల వరకూ పోవచ్చు. సగం చార్జింగు ఉన్న నాలుగు బ్యాటరీలు కలిసి, లోడు లేనప్పుడు, 48.8 వోల్టులు చూపిస్తాయి. నాలుగేళ్లు వాడిన ట్యూబులర్ బ్యాటరీ లోపలి నిరోధం ఒక్కొక్కటికి 10 మిల్లీఓముల దాకా పెరిగి ఉందనుకుంటే, నాలుగింటిలో కలిపి 150 ఆంపియర్ల దగ్గర 6 వోల్టులు అక్కడే పోతాయి. మీ తీగ 16 చదరపు మిల్లీమీటర్లదైతే, పోను నాలుగు రాను నాలుగు వెరసి ఎనిమిది మీటర్లలో మరో 1.3 వోల్టులు పోతాయి. మిగిలేది 41.5. ఇటువంటి ఇన్వర్టర్లు సాధారణంగా 42 వోల్టుల దగ్గర బ్యాటరీ ఖాళీ అయిందని భావించి తమను తాము ఆపుకుంటాయి. మీ ఇన్వర్టర్ తన పని తాను సరిగ్గానే చేసింది. దాని స్థానంలో 10 కేవీఏది పెట్టినా అదే తీగ చివర అదే 41.5 వోల్టులు చూసి ఆగుతుంది. పైగా ఊరికే ఉన్నప్పుడు కూడా ఇప్పటికంటే ఎక్కువ తింటుంది.

ఇది నా అంచనా. మీరు కొలిచి తేల్చుకోవాలి. కనిష్ఠ విలువను గుర్తుంచుకునే మీట ఉన్న మల్టీమీటరు ఒకటి, డీసీ కరెంటు కూడా కొలిచే క్లాంప్ మీటరు ఒకటి ఎస్‌పీ రోడ్డులో దొరుకుతాయి. క్లాంప్ మీటరు కొనేటప్పుడు డీసీ అని అడిగి తీసుకోండి, ఎందుకంటే చవకవాటిలో చాలా వరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. బ్యాటరీల దగ్గర పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి, పానాకు పిడి దాకా ఇన్సులేషన్ టేపు చుట్టాలి. 48 వోల్టులు షాకు కొట్టదని నిర్లక్ష్యం చేసినవారి చేతుల మీద కాలిన మచ్చలు నేను చూశాను.

సాయంత్రం, ఇల్లంతా మామూలు లోడు మీద ఉండగా, మొదట మీటరు కడ్డీలను ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టి మరొకరి చేత మోటారు వేయించండి. కనిష్ఠ వోల్టేజి రాసుకోండి. రెండవసారి అదే పని బ్యాటరీ వరుస రెండు చివరల దగ్గర చేయండి. ఈ రెండు సంఖ్యల తేడా తీగ, లగ్గులు (తీగ చివర బిగించే లోహపు తొడుగులు), మధ్యలోని స్విచ్చు కలిసి మింగిన వోల్టేజి. అది ఒక వోల్టు దాటితే బ్యాటరీలను నిందించే ముందు తీగను మార్చాలి. మూడవసారి ఒక్కొక్క బ్యాటరీ మీద విడివిడిగా కొలవండి. మూడు బ్యాటరీలు 11 దగ్గర నిలబడి ఒకటి 9కి జారితే, దొంగ అదే. చివరగా, మోటారు మొదలయ్యేటప్పుడు లగ్గుకూ బ్యాటరీ స్తంభానికీ (లగ్గు బిగించే బ్యాటరీ టెర్మినల్‌కూ) మధ్య కడ్డీలు పెట్టి చూడండి. అక్కడ మీటరు దాదాపు ఏమీ చూపకూడదు. అర వోల్టు కనిపిస్తే ఆ బిగింపు లోపల తుప్పో వదులో ఉంది. లగ్గును సుత్తితో కొట్టి అతికించే అలవాటు మన ఎలక్ట్రీషియన్లలో ఇంకా పోలేదు. హైడ్రాలిక్ యంత్రంతో నొక్కి బిగించే క్రింపింగు చేయించండి. 10 మిల్లీఓముల వదులు బిగింపులో 100 ఆంపియర్లు పారితే 100 వాట్ల వేడి పుడుతుంది. ఇళ్లలో బ్యాటరీ స్తంభాలు కరిగిపోవడానికి ఇదే కారణం.

ఏ కొలత కోసమూ ఆగనవసరం లేని సలహా ఒకటి ఉంది: బ్యాటరీలను ఇన్వర్టర్‌కు ఒకటిన్నర మీటరు దూరంలోకి తెచ్చి, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. కాకపోతే ట్యూబులర్ బ్యాటరీలు హైడ్రోజన్ వదులుతాయి కనుక వాటిని పడకగదిలోకి తేకూడదు. ఇన్వర్టర్‌నే వరండా గోడకు, వాన జల్లు తగలని చోటికి మార్చడం మంచిది. ఇన్వర్టర్‌ను బ్యాటరీలకు సరిగ్గా పైన మాత్రం బిగించవద్దు, ఆమ్లపు ఆవిరి లోపలి బోర్డును తినేస్తుంది.

బ్యాటరీల విషయానికి వస్తే, ముందు ద్రవమట్టం చూసి డిస్టిల్డ్ వాటరు పోయండి. బోరు నీళ్లు పోయడమంటే అందులోని లవణాలను పలకలకు పట్టించడమే. పూర్తిగా చార్జింగయ్యాక హైడ్రోమీటరుతో బ్యాటరీలోని ప్రతి గది (సెల్) ద్రవ సాంద్రతనూ చూడండి: 1.240 దాటితే ఆ గదికి ప్రాణం ఉన్నట్టు, మిగతావి దాటి ఒకటి 1.180 దగ్గరే ఉండిపోతే ఆ గది అయిపోయినట్టు. నాలుగేళ్ల బ్యాటరీల వరుసలో ఒక్కటి చెడితే ఒక్కదానినే కొత్తది వేయాలని మనసు చెబుతుంది. అలా చేస్తే కొత్తది పాతవాటితో సమానంగా చార్జింగు కాక ఏడాది తిరగకుండానే వాటి వయసుకు వస్తుంది. నాలుగూ మార్చడమే చివరికి తక్కువ ఖర్చు.

మోటారు స్టార్టరు పెట్టెలోని కెపాసిటర్లను కూడా ఒకసారి కొలిపించండి. రన్ కెపాసిటర్ బలహీనపడితే మోటారు ఆలస్యంగా వేగం అందుకుంటుంది, అంతసేపూ అధిక కరెంటు లాగుతుంది. ఇది కొన్ని వందల రూపాయల పని.

అన్నిటికంటే ముందు, మోటారును సాయంత్రం ఎందుకు వేస్తున్నారో ఆలోచించండి. నాలుగు 150 ఏహెచ్ బ్యాటరీలలో ఉండేది 7.2 యూనిట్లు, ఆయుష్షు తగ్గకుండా వాడుకోగలిగేది అందులో సగం. మధ్యాహ్నం ఎండలో ప్యానెళ్ల కరెంటుతోనే మోటారు తిప్పి మేడ మీది ట్యాంకు నింపుకుంటే ఆ శక్తి బ్యాటరీ గుండా పోనే పోదు. నీళ్లను దాచడానికి ట్యాంకు కంటే చవకైన బ్యాటరీ లేదు. ఇప్పుడున్న ట్యాంకు చాలకపోతే 10 కేవీఏకు పెట్టదలచిన డబ్బులో కొద్ది భాగంతో మరొక 1,000 లీటర్ల ట్యాంకు వస్తుంది.

ప్రశ్న: ఆనేకల్ దగ్గర మా ఫాం హౌస్‌లో మూడు ప్యానెళ్లను వరుసగా కలిపి ఇన్వర్టర్‌కు ఇచ్చారు. ప్యానెల్ వెనుక 49.5 వోల్టులని ఉంది, ఇన్వర్టర్ మీద గరిష్ఠం 145 వోల్టులని ఉంది. మూడు వోల్టుల తేడాకు ఏమీ కాదన్నారు. డిసెంబరులో ఒక ఉదయం ఏడున్నరకు టప్‌మని శబ్దం వచ్చి చార్జింగు ఆగిపోయింది. వారంటీ వర్తించదంటున్నారు. మా తప్పేమిటి?

జవాబు: తప్పు మీది కాదు, కలిపిన వారిది. ప్యానెల్ వెనుక రాసే వోల్టేజి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినది. ప్యానెల్ చల్లబడే కొద్దీ, ప్రతి డిగ్రీకీ సుమారు 0.3 శాతం చొప్పున వోల్టేజి పెరుగుతుంది. డిసెంబరు ఉదయం మీ వైపు 15 డిగ్రీలు ఉండటం మామూలే. అప్పుడు మూడు ప్యానెళ్లు 148.5 కాదు, సుమారు 153 వోల్టులు ఇస్తాయి. మండుటెండలో పాడవని చార్జరు చలి ఉదయం తొలి కిరణానికి పాడవడానికి కారణం ఇదే. బ్యాటరీ వైపు కొద్దిపాటి అతిక్రమణను ఇన్వర్టర్ ఓర్చుకోవచ్చునేమో గానీ, ప్యానెల్ వైపు గరిష్ఠ వోల్టేజి దాటితే లోపల స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్లు అక్కడికక్కడే పోతాయి. ఆ సంఖ్యకు పది శాతం కిందనే ఆగిపోవాలి.

బోర్డు బాగుచేయించాక రెండేసి ప్యానెళ్లను వరుసగా కలపండి. అప్పుడు 99 వోల్టులే. అలాంటి జతలు మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ సమాంతరంగా వస్తే ప్రతి జతకూ ఒక డీసీ ఫ్యూజు ఉండాలి. మధ్యలో ఏసీ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే తెగే స్విచ్చు) వాడితే తీయించి వేయండి: ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కనుక ఆ స్విచ్చులో మెరుపు ఆరిపోతుంది, డీసీ అలా సున్నాకు రాదు కనుక ఆ మెరుపు పెట్టెను కాల్చేదాకా మండగలదు.

ప్రశ్న: ట్యూబులర్ బ్యాటరీలు తీసేసి 51.2 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ పెట్టించాను. రాత్రంతా బాగుంటుంది. బ్యాటరీ నిండే వేళకు, మధ్యాహ్నం, ఇన్వర్టర్ ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలవుతోంది. ఇన్వర్టర్ మార్చాలా? – హోసకోట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బ్యాటరీ మారింది గానీ ఇన్వర్టర్‌లోని అమరిక మారలేదని నాకు అనిపిస్తోంది. ద్రవం పోసే బ్యాటరీకి ఉద్దేశించిన అమరికలో చార్జింగు వోల్టేజి 58 దాటుతుంది. మీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 16 గదులు ఉంటాయి. ఏ ఒక్క గది 3.65 వోల్టులు దాటినా లోపలి రక్షణ వలయమైన బీఎంఎస్ బ్యాటరీని విడదీస్తుంది. అలా విడదీసిన క్షణంలో ప్యానెళ్ల కరెంటు పోవడానికి చోటు లేక ఇన్వర్టర్ ఆగుతుంది. బ్యాటరీ పుస్తకంలో ఉన్న విలువలనే పెట్టించండి. సాధారణంగా చార్జింగు 56 వోల్టులకు కొంచెం అటూ ఇటూ, ఫ్లోటు (నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 54, కింది హద్దు 48 దగ్గర ఉంటాయి. ఈక్వలైజేషన్ అనేది (అప్పుడప్పుడు వోల్టేజి పెంచి చేసే అదనపు చార్జింగు) పూర్తిగా ఆపివేయాలి. సీసపు బ్యాటరీకి అది వైద్యం, లిథియంకు హాని.

ప్రశ్న: మా సోలార్ ఇంట్లో టెస్టరు పెడితే ఫేజులోనూ న్యూట్రల్‌లోనూ మసకగా వెలుగుతోంది. ఇది ప్రమాదమా?

జవాబు: ఇన్వర్టర్ ఇచ్చే రెండు తీగలలో ఏదీ భూమికి కట్టి లేదని దాని అర్థం. విద్యుత్ సంస్థ సరఫరాలో న్యూట్రల్‌ను భూమికి కట్టే ఉంచుతారు. లైను లేని ఇంట్లో ఆ పని ఎవరో చేయాలి. చేయకపోతే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను తెంచే స్విచ్చు) ఉన్నా, గ్రైండరు ఒంటికి కరెంటు వచ్చిన మొదటిసారి అది తెగదు. దాని మీది పరీక్ష మీట నొక్కితే తెగుతోంది కదా అని నమ్మవద్దు. ఆ మీట తన లోపలే తేడా సృష్టించుకుంటుంది, ఎర్తింగు లేకపోయినా పనిచేస్తుంది. ఇన్వర్టర్ పుస్తకం అనుమతిస్తే, ఆర్‌సీసీబీకి ముందు, ఒకే ఒక్క చోట న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపించండి. కొన్ని ఇన్వర్టర్లు లోపలే ఆ పని చేసుకుంటాయి, కొన్నింటిలో అలా కలపకూడదు. అందుకే పుస్తకం చదివే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ప్రశ్న: దేవనహళ్లి అవతల ఇల్లు కడుతున్నాము. ఫ్రిజ్, మిక్సీ, ఫ్యాన్లు, ఒక బోరు మోటారు, ఇద్దరు పిల్లల కంప్యూటర్లు. నమ్మకమైన ఇన్వర్టర్ ఏది? ప్రభుత్వ సబ్సిడీ వస్తుందా?

జవాబు: సబ్సిడీ సంగతి ముందు చెబుతాను. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లూ ఆ పైన 78,000 రూపాయల సాయం ఉంది కానీ, అది విద్యుత్ లైనుకు అనుసంధానమైన ఇళ్లకే. మీ దగ్గరకు లైను వచ్చే అవకాశం ఉంటే ఆ ఖర్చునూ, బ్యాటరీలను ఏటేటా మోసే ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే ముందుకు పోండి. లైనుకు కట్టే ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ చవకగా వస్తోందని తెచ్చుకోవద్దు. లైను లేని చోట అది వెలగనే వెలగదు.

కంపెనీ పేరు నేను చెప్పను, ఎందుకంటే ఒకే కంపెనీలో గట్టి యంత్రాలూ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. చూడవలసిన గుణాలు చెబుతాను. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 5 కేవీఏ ఇన్వర్టర్ 40 కిలోలకు పైగా తూగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని, అధిక ఫ్రీక్వెన్సీ మీద పనిచేసేది పది పన్నెండు కిలోలే ఉంటుంది. రెండవది చవక, సమర్థత కూడా కొంచెం ఎక్కువ, కంప్యూటర్లకూ ఫ్యాన్లకూ నిక్షేపంగా సరిపోతుంది. కానీ మోటారు లాగే తొలి కుదుపును మొదటిది కొన్ని సెకన్లు ఓర్చుకుంటుంది, రెండవది చాలా తక్కువ సేపు మాత్రమే. మీ ఇంట్లో బోరు మోటారు ఉంది కనుక నేనైతే బరువైనదే తీసుకుంటాను. తేలికైనదే కొనాలనుకుంటే, మోటారుకు మెల్లగా వేగం పెంచే వీఎఫ్‌డీనీ దానికి తగిన త్రీ ఫేజు మోటారునూ ఇల్లు కట్టేటప్పుడే ఎంచుకోండి.

కేవీఏను కిలోవాటుగా లెక్కించవద్దు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 5 కేవీఏ యంత్రం మోసేది 4 కిలోవాట్లే. ఆ బరువును ఎన్ని డిగ్రీల వేడిలో మోయగలదో అడగండి; 25 డిగ్రీలకు చెప్పిన సామర్థ్యం ఏప్రిల్‌లో రేకుల గదిలో ఉండదు. స్క్వేర్ వేవ్ అని గానీ మాడిఫైడ్ అని గానీ ఉంటే ఫ్రిజ్ కంప్రెసర్ కోసమైనా వదిలేయండి, ప్యూర్ సైన్ వేవ్ మాత్రమే తీసుకోండి. సోలార్ ఇన్వర్టర్ల భద్రతకు వర్తించే ఐఎస్ 16221 ప్రమాణం కింద బీఐఎస్ రిజిస్ట్రేషన్ సంఖ్య పెట్టె మీద ఉండాలి.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: ఏ లోడూ లేనప్పుడు ఇది ఎంత తింటుంది? 60 వాట్లు అని చెబితే తక్కువే అనిపిస్తుంది, కానీ 24 గంటలకు అది 1.44 యూనిట్లు. మొదటి ఉత్తరంలోని ఇంట్లో వాడుకోదగిన 3.6 యూనిట్లలో ఇది అయిదింట రెండు వంతులు. అందుకే మీవంటి ఇళ్లకు నేను ఇచ్చే సలహా ఇది: మోటారుకూ మిక్సీకీ పెద్ద ఇన్వర్టర్, దీపాలకూ ఫ్యాన్లకూ కంప్యూటర్లకూ 1 కేవీఏ చిన్న ఇన్వర్టర్, రెండూ ఒకే బ్యాటరీ మీద, రెండింటి అవుట్‌పుట్ తీగలు ఎక్కడా కలవకుండా వేరు వేరు సర్క్యూట్లుగా వేయించండి. ఫ్రిజ్ తొలి కుదుపును చిన్నది మోయగలదని పరీక్షించి చూశాక దాని మీదే ఉంచవచ్చు. అప్పుడు రాత్రి పెద్దదానిని ఆపేయవచ్చు, పెద్దది మరమ్మతుకు పోయినా పిల్లలు చీకట్లో కూర్చోరు. గోడలకు పైపులు వేస్తున్న ఈ దశలో ఇది సులువు, తరువాత కష్టం.

మరమ్మతు మాటకు వస్తే, డబ్బు కట్టే ముందు దుకాణదారును రెండు అడగండి: బోర్డు పోతే విడి బోర్డు బెంగళూరులోనే దొరుకుతుందా, బాగుచేసే మనిషి ఎక్కడ కూర్చుంటాడు? పీణ్యాలోనో మరెక్కడో ఒక చిరునామా చెప్పగలిగితే అక్కడికి ఒకసారి వెళ్లి చూసి రండి. అయిదేళ్ల వారంటీ కాగితం ఉన్నా, యంత్రాన్ని వేరే రాష్ట్రానికి పంపి నెలన్నర ఎదురుచూడవలసి వస్తే లైను లేని ఇంటికి అది నమ్మకమైన ఇన్వర్టర్ కాదు.

ప్రశ్న: దుమ్ము పడకుండా ఇన్వర్టర్ మీద గుడ్డ కప్పవచ్చునా?

జవాబు: కప్పకూడదు, గాలి ఆడక వేడెక్కుతుంది. దానికి బదులు ఇన్వర్టర్‌ను ఆపి, ప్యానెళ్ల స్విచ్చునూ బ్యాటరీ స్విచ్చునూ తీసి, రెండు నెలలకొకసారి ఫ్యాను జాలీని మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయించండి. తోట ఇళ్లలో దుమ్ము కంటే బల్లి పెద్ద శత్రువు. వెచ్చదనానికి లోపల దూరి బోర్డు మీద రెండు చోట్లను కలిపిందంటే దాని ప్రాణంతో పాటు బోర్డు కూడా పోతుంది. గాలి రంధ్రాలకు లోపలివైపు సన్నని స్టీలు జాలీ బిగించమని మీ మెకానిక్‌కు చెప్పండి. తరువాత వేసవిలో ఒక మధ్యాహ్నం, పూర్తి లోడు మీద ఫ్యాను ముందు చెయ్యి పెట్టి గాలి ధారాళంగా వస్తోందో లేదో చూసుకోండి.